స్కౌట్లు వేసే నడకబాట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక స్కౌటు చెట్ల మధ్య రెండు వందల మీటర్ల దారి తీస్తాడు. మరుసటి ఏడు ఇంకొకరు వాగు మీద చిన్న చెక్కవంతెన వేస్తారు. ఆ పై ఏడు వచ్చినవాళ్లు దారి చూపే బోర్డులు పాతుతారు. ఇలా ముక్కముక్కగా, చేతులు మారుతూ పెరిగే బాటల గురించి తల్లిదండ్రులు, స్థలం ఇచ్చినవాళ్లు, రోజూ అక్కడ నడిచేవాళ్లు, అందరికన్నా ఎక్కువగా స్కౌట్లే అడిగే ప్రశ్నలివి. నీళ్ల సంగతి వచ్చిన చోటల్లా జవాబు కాస్త పొడుగవుతుంది. బాటను పాడుచేసేది చాలావరకు నీళ్లే కాబట్టి అది తప్పదు.

స్కౌట్లంటే క్యాంపులు, తాళ్ల ముడులు కదా. బాటలు వేయడం ఎక్కణ్ణుంచి వచ్చింది?

బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది అబ్బాయిలతో ప్రయోగంగా ఒక శిబిరం పెట్టాడు. స్కౌటింగ్ అక్కడే మొదలైంది. రోజుకో మంచి పని చేయాలన్న అలవాటు తొలినాళ్ల నుంచీ ఉద్యమంలో ఉంది. కాలక్రమంలో ఆ చిన్న పనులు పెరిగి సేవా ప్రాజెక్టులయ్యాయి. అమెరికాలో స్కౌట్ల అత్యున్నత హోదా అయిన ఈగిల్ స్కౌట్ కావాలంటే 18 ఏళ్లు నిండేలోపు సమాజానికి పనికొచ్చే ఒక ప్రాజెక్టును సొంతంగా ఆలోచించి, నడిపించి, పూర్తి చేయాలి. అక్కడి గర్ల్ స్కౌట్ల గోల్డ్ అవార్డుకు కూడా ఇలాంటి ప్రాజెక్టే కావాలి.

నడకబాట ఈ పనికి చక్కగా అతుకుతుంది. ఒక కుర్రాడు నడిపించగలిగినంత ముక్కలుగా దాన్ని విడదీయవచ్చు. పని అయిన మర్నాటి నుంచే జనం వాడుకుంటారు. తప్పు చేస్తే తొలి వానకే బయటపడుతుంది, నేర్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే బాటను ఒకే ప్రాజెక్టుగా చూపించుకోవచ్చా?

ఈగిల్ నిబంధనల ప్రకారం కుదరదు. ఒక ప్రాజెక్టు ఒక్కరి ఖాతాలోనే పడుతుంది. అయితే బాటను మూడు విడి ప్రాజెక్టులు చేసుకోవచ్చు: ఒకరు దారి, ఒకరు వంతెన, ఒకరు బోర్డులు. ఎవరి ప్రణాళిక వారిది, ఎవరి అనుమతి వారిది. ఒకరి పనికి మిగతా ఇద్దరూ కూలీలుగా వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా.

చిక్కల్లా అతుకుల దగ్గర వస్తుంది. మొదటివాడు దారిని గట్టు పైకి తీసుకెళ్లి ఆపేస్తే, రెండోవాడి వంతెన గట్టు కింద ఉంటుంది. మధ్యలో మిగిలిన నిలువు వాలు ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకే తొలి పార మట్టిలో దిగకముందే బాట మొత్తానికీ ఒక ప్లాన్ ఉండాలి.

ఆ ప్లాన్ ఎవరి దగ్గర ఉండాలి?

స్థలం యజమాని దగ్గర. స్కౌట్ల దగ్గర ఉంటే పోతుంది. పిల్లలు పెద్దవాళ్లయి చదువులకి వెళ్లిపోతారు, దళం నడిపే పెద్దలూ మారుతుంటారు. స్థలం మాత్రం కదలదు.

గొప్ప డ్రాయింగులేమీ అక్కర్లేదు. వాగులు, ఊటలు, పెద్ద చెట్లు, ఎత్తుపల్లాలు గుర్తించిన పటం మీద మొత్తం దారిని గీసి, ముక్కలకు నెంబర్లు వేయండి. ఏ ముక్క ముందు కావాలో, ఏది ఆగినా ఫర్వాలేదో రాయండి. దాని వెనకే ఒక పుస్తకం పెట్టండి. ఏ ముక్క ఏ తేదీన అయింది, ఏ రకం చెక్క వాడారు, గొట్టం ఎక్కడ పూడ్చారు అన్నవి అందులో ఉండాలి. కొత్తగా వచ్చే స్కౌటు ముందు చేయాల్సిన పని ఆ పుస్తకం చదవడమే.

ప్రాజెక్టు అంటే స్కౌటే తవ్వాలా?

తవ్వొచ్చు, తప్పులేదు. కానీ అతన్ని తూచేది తవ్విన మట్టితో కాదు, నడిపించిన తీరుతో. ఈగిల్ ప్రాజెక్టులో స్కౌటు కనీసం ఇంకో ఇద్దరికి నాయకత్వం వహించాలి. ఇన్ని గంటలు చేయాలన్న లెక్క మాత్రం లేదు. పని మొదలుపెట్టకముందే స్థలం వాళ్లు, దళం పెద్దలు, ఆ ప్రాంతపు స్కౌట్ సంస్థ ప్రతిపాదన మీద సంతకాలు చేయాలి. పని కానిచ్చేసి తర్వాత కాగితం పట్టుకెళితే ఆ శ్రమ లెక్కలోకి రాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అబ్బాయి పదిమంది ముందు నిలబడి, "మీ ముగ్గురూ రాళ్లు మోయండి, మీ ఇద్దరూ గట్టు కోయండి" అని చెప్పడానికి తడబడుతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమే. అయినా ఊరుకోండి. మీరు అందుకుని పురమాయించిన క్షణం నుంచి అది మీ ప్రాజెక్టు అయిపోతుంది.

ఎవరి స్థలంలోనైనా వేయొచ్చా?

ఈగిల్ ప్రాజెక్టు బడికో, ప్రార్థనా స్థలానికో, ఊరందరికో మేలు చేయాలి. వ్యాపార సంస్థకు లాభం చేసే పని పనికిరాదు. స్కౌట్ సంస్థ సొంత క్యాంపులో వేసే బాట కూడా దీని కిందికి రాదు. అనుమతి నోటిమాటగా కాకుండా రాతలో ఉండాలి. భూమిలో కరెంటు, గ్యాస్, నీటి లైన్లున్నాయో లేదో ముందే కనుక్కోవాలి. అమెరికాలో ఇందుకు 811 అనే నెంబరే ఉంది, తవ్వబోయే ముందు ఫోన్ చేస్తే వచ్చి గుర్తులు పెట్టి వెళతారు. వాగు ఒడ్డునో, తడినేలలోనో పని ఉంటే విడిగా అనుమతులు కావాల్సి రావచ్చు. పక్షులు గూళ్లు కట్టే రోజుల్లో పొదలు నరకవద్దు.

బాట ఎటు పోవాలో ఎలా తేల్చుకోవాలి?

వానలో నడిచి. ఎండపూట చూస్తే ప్రతి నేలా బాటకు పనికొచ్చేలాగే కనిపిస్తుంది. గొడుగు పట్టుకుని ఒక్కసారి వెళితే నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ గట్టు ఊరుతోందో అదే చెబుతుంది.

తర్వాత రెండు రకాల చోట్లు గుర్తించండి. జనం చూడాలనుకునేవి ఒక రకం: పెద్ద చెట్టు, రాతిబండ, వాగు మలుపు. తప్పించుకోవాల్సినవి రెండో రకం: బురదనేల, నిలువు గట్టు, జంతువుల బొరియలు. మొదటివాటిని కలుపుతూ, రెండోవాటిని తప్పిస్తూ రంగు రిబ్బన్లు కట్టుకుంటూ పోండి. రెండు వైపుల నుంచీ నడిచి చూడండి. పోయేటప్పుడు హాయిగా అనిపించిన మలుపు తిరిగొచ్చేటప్పుడు అడ్డదిడ్డంగా అనిపించవచ్చు. జనం ఇప్పటికే గడ్డి తొక్కి చేసుకున్న కాలిదారి ఉంటే దాన్ని కొట్టిపారేయకండి. వాళ్లు ఎక్కడికి పోదామనుకుంటున్నారో అది చెబుతోంది. మీరు దానికి దూరంగా ఎంత అందంగా వేసినా, వాళ్లు అడ్డంగా కోసుకుని పాతదారే పడతారు.

వాలు ఎంత ఉండొచ్చు?

బాటలు వేసేవాళ్లు రెండు లెక్కలు గుర్తుపెట్టుకుంటారు. బాట మొత్తం మీద సగటు వాలు 10 శాతం దాటకూడదు, అంటే పది మీటర్ల నడకకు ఒక మీటరు ఎత్తు ఎక్కడం. రెండోది సగం లెక్క: బాట వాలు, అది పోయే గట్టు వాలులో సగానికి మించకూడదు. గట్టు వాలు 16 శాతమైతే బాట 8 శాతం లోపే ఉండాలి. సగం దాటితే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోవడం మానేసి దాని వెంటే పరుగు పెడతాయి. కొద్ది కాలానికే మీరు వేసిన బాట కాలువ అవుతుంది.

ఈ లెక్క ప్రకారం అన్నిటికన్నా చెడ్డ దారి నిట్టనిలువుగా గట్టు దిగేది. దగ్గరదారి కదా అని కుర్రాళ్లు మొదట గీసేది అదే. గట్టును అడ్డంగా, వాలుగా చుట్టి వచ్చేది మంచిది. దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి. జనం వచ్చింది నడవడానికే కదా.

పూర్తిగా చదునైన నేల సులువనుకుంటారు, అదీ పొరపాటే. నీళ్లు పోవడానికి దారి లేక చెరువు కడుతుంది. కాస్త ఏటవాలు నేలే బాటకు మేలు.

వాలు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు కర్రలు, పది మీటర్ల తాడు, తాడుకు తగిలించే చిన్న రసమట్టం చాలు. పైనున్న మనిషి తాడు కొసను నేలకు ఆనించి పట్టుకోవాలి. కిందున్న మనిషి రెండో కొసను కర్ర వెంట పైకి జరుపుతూ బుడగ మధ్యకు వచ్చేదాకా బిగించి చూడాలి. అప్పుడు నేల నుంచి తాడు ఎత్తు 80 సెంటీమీటర్లుంటే వాలు 8 శాతం. పదేళ్ల పిల్లలు కూడా ఒక పూటలో నేర్చుకుంటారు, పైగా వాళ్లకిది భలే సరదా.

కొత్తగా వేసిన బాట తొలి వానకే కోసుకుపోయింది. ఎక్కడ తప్పు జరిగింది?

మూడింటిలో ఒకటి, లేదా మూడూ.

బాట అడ్డవాలు లేకుండా ఉండి ఉంటుంది. అడుగు పెట్టే పట్టీని ఎగువ నుంచి దిగువకు సుమారు 5 శాతం వాల్చాలి. మీటరు వెడల్పు బాటకు దిగువ అంచు ఐదు సెంటీమీటర్లు కిందకి ఉంటే సరిపోతుంది. కంటికి ఆనదు, నీళ్లకు ఆనుతుంది. పల్చటి పొరలా వచ్చి బాట దాటి అవతలికి జారిపోతాయి.

లేదా గట్టు కోసిన మట్టిని దిగువ అంచున పోసి, దాని మీదే సగం బాట వేసి ఉంటారు. పని సగమయ్యేలా కనిపించే దొడ్డిదారి ఇది. పోసిన మట్టి గుల్లగా ఉంటుంది, తడవగానే జారిపోతుంది. బాట పూర్తి వెడల్పునూ కదలని గట్టినేలలోకే కోసుకోవాలి. కోసిన మట్టిని దూరంగా చెదరగొట్టాలి. పైనున్న ఆకుల కుళ్లు, వేళ్లు కలిసిన మెత్తటి పొరనంతా తీసేసి గట్టిమట్టి తగిలేదాకా వెళ్లాలి.

మూడోది, దారి పొడవునా ఒకటే దిగుడు. అడ్డవాలు ఎంత బాగా ఇచ్చినా కాలం గడిచేకొద్దీ పాదాల తాకిడికి మట్టి దిగువ అంచుకు చేరి చిన్న కట్టలా పేరుకుంటుంది. నీళ్లు దానికి చిక్కి బాట వెంటే పారతాయి. అందుకని దిగే బాటను అక్కడక్కడా కొన్ని అడుగుల దూరం కాస్త పైకి ఎక్కించి, మళ్లీ దించాలి. ఆ పల్లంలో నీళ్లు బాట వదిలి బయటకు పోతాయి. నడిచేవాడికి అదొక చిన్న అలలా తోస్తుంది, అంతే.

మరి అడ్డంగా దుంగలు పాతి నీళ్లు మళ్లించవచ్చుగా, ఎన్నో చోట్ల చూశాం అంటారు. పాత బాటను కాపాడుకోవడానికి చేసే పని అది. దుంగ వెనక బురద నిండగానే నీళ్లు దాని మీంచే దూకుతాయి. దాన్ని ఎప్పటికప్పుడు తవ్విపోసేవాళ్లు ఉండాలి. కొత్త బాటను నేల మలుపులతోనే సరిచేసుకునే వీలుండగా, దుంగల మీద ఎందుకు ఆధారపడడం?

ఏడాది పొడవునా బురదగా ఉండే చోటు తప్పకపోతే?

ముందు తప్పించే ప్రయత్నం నిజంగా చేశారా? చేశాక కూడా తప్పకపోతే చెక్కబాట కట్టండి, నీళ్లు దాని కింద పోతాయి. లేదా నేల మీద, నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి పైన కంకర వేయండి. గుడ్డ లేకుండా కంకర పోస్తే బురద దాన్ని మింగేస్తుంది. చెక్కపొట్టు పోయకండి. నీళ్లొస్తే తేలిపోతుంది, మిగిలింది కుళ్లి ఇంకాస్త బురదవుతుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే జనం బురద పక్క నుంచి నడుస్తారు, తర్వాతివాళ్లు ఇంకాస్త పక్క నుంచి. బురదగుంట ఏటేటా వెడల్పవుతుంది.

పైన ఏం పరవాలి?

చాలా చోట్ల ఏమీ అక్కర్లేదు, గట్టిమట్టి చాలు. కంకర వేసేట్టయితే పొడితో కలిసిన, కోణాలున్న నలగ్గొట్టిన రాయి తీసుకోండి. అది ఒకదానికొకటి బిగుసుకుని గట్టిపడుతుంది. గుండ్రటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి, కాలి కింద దొర్లుతాయి.

వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకు వీలుగా చేయొచ్చా?

చేయొచ్చు. అయితే ఆ నిర్ణయం మొదట్లోనే తీసుకోవాలి, తర్వాత అతికించే పని కాదిది. అమెరికా ఫెడరల్ స్థలాల బాటలకు 2013 నుంచి అమల్లో ఉన్న కొలతలు ఎవరికైనా మంచి ఆధారం. వెడల్పు కనీసం 36 అంగుళాలు. నేల గట్టిగా, కదలకుండా ఉండాలి. వాలు 5 శాతం లోపు ఉంటే ఎంత దూరమైనా పోవచ్చు. 8.33 శాతం దాకా అయితే ఒక్క విడతకు 61 మీటర్లు, 10 శాతం దాకా అయితే 9 మీటర్లు, 12 శాతం దాకా అయితే 3 మీటర్లే. ఆ ఏటవాలు విడతల కొసన ఆగి అలుపు తీర్చుకునే చదును ఉండాలి. బాట 60 అంగుళాల కన్నా సన్నగా ఉంటే, సుమారు 300 మీటర్లకొకసారి ఎదురెదురుగా వచ్చేవాళ్లు తప్పుకునే చోటు కావాలి.

బాట అంతా ఇలా కుదరకపోతే, మొదటి మలుపు దాకా అయినా కుదురుతుందేమో చూడండి. అక్కడో మంచి చూపు దొరికే చోటు, ఒక బెంచీ ఉన్నా ప్రయాణం వృథా కాదు. ఎక్కడిదాకా వాలు ఎంతుందో, వెడల్పు ఎంతుందో మొదట్లోనే బోర్డు మీద రాయండి. "అందరికీ అనుకూలం" అన్న మాట కన్నా ఆ అంకెలు ఎక్కువ ఉపయోగం. రావాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.

చెట్లు కొట్టాల్సి వస్తుందా?

బాటను వంచండి, చెట్టును వదిలేయండి. అడ్డొచ్చే కొమ్మల్ని మాత్రం కోయాలి. మొదట కింది వైపు నుంచి కొంచెం కోసి, తర్వాత పై నుంచి కోస్తే బెరడు చీలదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని కోయకుండా దానికి కాస్త బయటగా కోస్తే గాయం తొందరగా మూసుకుంటుంది. పెద్ద వేళ్లను నరకొద్దు. వేరు తగిలిందంటే చెట్టుకు మరీ దగ్గరగా వచ్చేశారన్నమాట.

ఏ పనిముట్లు కావాలి? పిల్లలకు ప్రమాదం కాదా?

పలుగు, పార, గొడ్డలి, చేతిరంపం, తట్టలు, ఒంటిచక్రం బండి. బాటల పనిలో పులాస్కీ అనే ఒక పనిముట్టు తరచుగా కనిపిస్తుంది. తలకు ఒక పక్క గొడ్డలి, రెండో పక్క మట్టి తవ్వే పలక ఉంటాయి. 1910 నాటి పెద్ద అడవిమంటల్లో తన మనుషుల్ని కాపాడిన అమెరికా అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కీ పేరు దానికి స్థిరపడింది.

దెబ్బలు ఎక్కువగా తగిలేది పని చేసేటప్పటికన్నా అటూ ఇటూ తిరిగేటప్పుడు. పనిముట్టును భుజాన వేసుకోకూడదు. గట్టు దిగువ వైపు చేతిలో, పదును ముందుకు కిందికి ఉండేలా పట్టుకోవాలి. జారి పడితే దాన్ని దిగువకు విసిరేయగలగాలి. మనిషికీ మనిషికీ మధ్య కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. వెనక నుంచి దాటేవాళ్లు ముందు కేక వేయాలి, పని చేసేవాడు ఆపి "రండి" అన్నాకే కదలాలి. మోటారు రంపం 18 ఏళ్ల లోపువాళ్లు పట్టుకోకూడదని అమెరికా స్కౌట్ల నియమం. 21 దాటిన పెద్దలు ఇద్దరైనా అక్కడే ఉండాలన్నది ఇంకోటి. నీళ్లు, చేతితొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడున్నాయో పొద్దున్నే అందరికీ చూపించండి.

ఎన్ని రోజులు పడుతుంది?

ముందే చెప్పేవాళ్లని నమ్మకండి. పది మీటర్లు తవ్వి చూసి, దాన్ని పొడవుతో హెచ్చించి, వచ్చిన అంకెను మరికొంత పెంచుకోండి. రాయి తగలకుండా ఉండదు.

ఖర్చు ఎలా?

ఈగిల్ ప్రాజెక్టుకు చందాలు వసూలు చేయొచ్చు. ప్రాజెక్టు మొత్తం చందాల వసూలే అయితే మాత్రం ఒప్పుకోరు. కుటుంబం, దళం, స్థలం వాళ్లు లాంటి దగ్గరివాళ్లను దాటి బయట అడగాలంటే ముందుగా విడి అనుమతి కావాలి. మిగిలిన డబ్బు స్కౌటుది కాదు, స్థలం వాళ్లకు చేరుతుంది. దాన్ని చక్కగా బాట మరమ్మతులకు అట్టిపెట్టమని అడగండి.

బెంచీలు ఎన్ని వేయొచ్చు?

స్కౌట్లను అడిగితే బాటకన్నా బెంచీలే ఎక్కువవుతాయి. బెంచీ ఒక వారాంతంలో అయిపోతుంది, ఫొటోకు బాగుంటుంది. కాలువ మళ్లింపును ఎవరూ ఫొటో తీయరు. ప్లాన్‌లో ఉన్న చోట, ఎక్కుడు అయిపోయి ఊపిరి తీసుకునే చోట వేయండి. మిగతావాటికి వద్దని చెప్పడం స్థలం యజమాని బాధ్యత, మొహమాటపడకూడదు.

దారి తప్పకుండా గుర్తులు ఎలా పెట్టాలి?

చెట్లకు మేకులు కొట్టకుండా వాటి మీద రంగుతో పట్టీలు వేయండి. అమెరికా తూర్పు కొండల్లో దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ నడకబాటంతా ఈ పద్ధతిలోనే నడుస్తోంది: కంటి ఎత్తున, రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు తెల్ల పట్టీ. ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలుంటే ముందు మలుపో, చీలికో ఉందని అర్థం. ఆ బాట కోసం 1921లో బెంటన్ మెకై అనే ఆయన చేసిన ప్రతిపాదన 1937కి పూర్తి బాటైంది, అది కూడా ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగానే. కాబట్టి మీ బాటకు నాలుగైదేళ్లు పట్టినా కంగారు పడకండి.

ప్రాజెక్టు అయిపోయాక బాటను ఎవరు చూసుకోవాలి?

అసలు ప్రశ్న ఇదే, ఎందుకో అందరూ చివర్లో అడుగుతారు. కొత్త బాట వేస్తే హోదా వస్తుంది. ఉన్న బాటను ఊడ్చి, కొమ్మలు కోసి, నీటి దారులు శుభ్రం చేస్తే రాదు, ఎందుకంటే మామూలు నిర్వహణ పని ఈగిల్ ప్రాజెక్టుగా సాధారణంగా చెల్లదు. నియమం వెనక న్యాయం ఉంది. ఫలితం మాత్రం ఏమిటంటే, ప్రతి ఏడూ కొత్తదేదో కట్టడానికి చేతులు దొరుకుతాయి, పాతది మట్టిలో కలిసిపోతుంటుంది.

దీనికో మార్గం నియమాల్లోనే ఉంది. ఈగిల్‌కు ముందు వచ్చే స్టార్, లైఫ్ హోదాలకు ఒక్కొక్కదానికి ఆరు గంటల సేవ కావాలి. లైఫ్ హోదాకు అందులో కనీసం మూడు గంటలు ప్రకృతి సంరక్షణ పనై ఉండాలి. దళం పెద్దలు ఆమోదిస్తే ఆ గంటల్ని బాట నిర్వహణకు వాడుకోవచ్చు. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చిన్నవాళ్లను పంపండి. దిగువ అంచున పేరుకున్న మట్టికట్టను చెక్కడం, పల్లాల్లో నిండిన ఆకుల్ని తీయడం, వదులైన పలకల్ని పుస్తకంలో రాయడం, పని ఇంతే. నీళ్లు ఎలా పోతాయో ఇలా కళ్లారా చూసిన పిల్లలు రేపు సొంత ప్రాజెక్టు గీసేటప్పుడు నిట్టనిలువు గీత గీయరు.

స్థలం వాళ్లతో ఈ ఏర్పాటును ప్రాజెక్టు ప్రతిపాదనలోనే రాయించుకోండి. ఎవరు చూస్తారో తేలని ముక్కను వేయకపోవడమే మంచిది.

సైకిళ్లు, కుక్కలు రావొచ్చా?

స్థలం వాళ్ల ఇష్టం. సైకిళ్లకు సరే అంటే మలుపుల్లో ఎదుటివాళ్లు దూరం నుంచే కనబడాలి కాబట్టి, గీసేముందే తేల్చుకోండి.

బోర్డు మీద స్కౌటు పేరు వేయొచ్చా?

యజమాని ఒప్పుకుంటే చిన్నగా వేయొచ్చు. పేరుతోపాటు వెనక వైపున పాతిన తేదీ, చెక్క రకం, భూమిలోకి ఎంత లోతు దింపారో కూడా రాయండి. పదిహేనేళ్లకు ఆ స్తంభం పుచ్చిపోతే, దాన్ని పీకి కొత్తది పాతే స్కౌటుకు వాటితోనే పని.